మా ఎందుకమ్మ బడి

ఫిబ్రవరి 6

మందుల కంపెనీ వాళ్ళు డాక్టర్లకి పంచగా మిగిలిన డైరీ ఒకటి ఆసుపత్రి అంతస్తులు దిగి దిగి చివరికి మా లాండ్రీ దాకా వచ్చింది. ఎవరికీ అక్కర్లేదంటే నేను తీసుకున్నాను. ప్రతి పేజీ అడుగున ఒక మందు పేరుంది. ఈరోజు పేజీకి కడుపులో మంట తగ్గించే మాత్ర వచ్చింది. నాకు సరిగ్గా సరిపోయింది.

పొద్దున బడికి వెళ్ళి టీచరుని కలిశాను. ఏదో చెప్పింది. రాయాలని లేదు.

ఒకటి మాత్రం ఖాయం. వచ్చే ఏడాది నుంచి పిల్లని ఆ సర్కారు బడిలో ఉంచను.

ఫిబ్రవరి 7

మా ఆయనకి చెప్పాను. ఇంకా చేతులకి అంటిన రంగు కిరోసిన్ గుడ్డతో తుడుచుకుంటున్నారు. "పెద్ద గేటు బడిలో వేద్దాం" అన్నాను. ఆయన ఒక వేలు పూర్తిగా తుడిచి, రెండో వేలు మొదలుపెట్టి, "గేటు రంగు వేసింది నేనే. మంచి గేటే" అన్నారు.

ఈ మనిషితో సంసారం చేయడానికి సహనం కావాలి. నాకు అది లేదు, అయినా గడిచిపోతోంది. తర్వాత ఆయనే, "ఫీజు సంగతి చూద్దాంలే. ఆదివారాలు కూడా పని దొరుకుతుంది" అన్నారు. ఎందుకు అని అడగలేదు. ఎందుకు అని అడిగే మనిషి మా ఇంట్లో ఒక్కతే ఉంది. అందుకే దాన్ని ఎందుకమ్మ అంటాం. వాన పైనుంచే ఎందుకు పడుతుంది, నాన్నకి మీసం ఉండి నీకు లేదెందుకు, పక్కింటావిడ మనం వెళ్ళగానే తలుపు గట్టిగా వేస్తుందెందుకు. ఆ చివరిది పక్కింటావిడ ముందే అడిగింది.

ఇన్ని అడిగే పిల్లకి చదువు రాదని ఎవరైనా అంటే ఎలా నమ్ముతాం?

ఫిబ్రవరి 11

తోటికోడలు వచ్చింది. వాళ్ళ వాడు పెద్ద గేటు బడిలోనే నాలుగో తరగతి. వాడి చేత ఒక పేజీ చదివించింది. టపటపా చదివేశాడు. మా ఎందుకమ్మ కూడా తన పుస్తకం తెచ్చి ఒక పాఠం అప్పజెప్పింది, ఒక్క తప్పు లేకుండా. తోటికోడలు దాని బుగ్గ గిల్లి, "ఇలాంటి పిల్లని ఆ బడిలో ఎందుకు వేశారమ్మా, అన్యాయం కాదూ" అంది.

ఆవిడ మాట నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. ఈసారి మాత్రం చల్లగా తగిలింది.

ఫిబ్రవరి 12

వార్డుల నుంచి దుప్పట్లు గుట్టలుగా వచ్చాయి. లాండ్రీలో అందరికంటే పెద్దావిడని పెద్దక్క అంటాం. ఆమె, నేను ఒక జత. షీటు చెరో వైపు పట్టుకుని విదిలించి, మడిచి, ఎదురెదురుగా నడిచి మూలలు కలపాలి. కలిసినప్పుడు ఒక మాట, మళ్ళీ దూరం. మధ్యలో ఇస్త్రీ యంత్రం రొద. ఒక కబురు చెప్పుకోవడానికి అరడజను షీట్లు పడతాయి.

బడి మారుస్తానని చెప్పాను. మూడో షీటుకి ఎక్కడ అంది. ఐదో షీటుకి నిట్టూర్చింది. చివర్లో, "పిల్ల ఏమంటోంది?" అంది. పిల్లని అడగలేదు నేను. ఏడేళ్ళ పిల్లని అడగడమేమిటి?

ఫిబ్రవరి 20

బడికి సెలవు. ఇంట్లో ఎవరూ లేరని ఎందుకమ్మని లాండ్రీకి తీసుకెళ్ళాను. సూపర్‌వైజరు చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడు. ఆ మనిషికి దండం పెట్టాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మైకు దాన్ని మడత బల్ల ఎక్కించి, "ఏదీ, చదువు చూద్దాం" అంది. మైకు అంటే మాతో ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే మనిషే. ఆమె మెల్లగా చెప్పిన రహస్యం మూడో అంతస్తు రోగులక్కూడా వినిపిస్తుంది. ఎందుకమ్మ పుస్తకం తెరిచి పట్టుకుని కుందేలు పాఠం మొదలుపెట్టింది. ఎక్కడా ఆగలేదు. కుందేలు భయపడితే గొంతు వణికించింది, నక్క వస్తే గొంతు మార్చింది. అందరూ చేతుల్లో షీట్లు వదిలేసి నిలబడ్డారు. ఉతికే యంత్రం దగ్గరి మనుషులు కూడా వచ్చారు.

పాఠం రెండు పేజీలు. ఉత్సాహంలో పేజీ తిప్పడం మర్చిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. మైకు నా భుజం మీద ఒక్కటి చరిచి, "ఈ పిల్ల మనందరి పేరూ నిలబెడుతుంది" అంది. పెద్దక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు. పిల్లని బల్ల దింపి, దాని చేతిలో పుస్తకం తీసుకుని కాసేపు చూసి, మళ్ళీ దానికే ఇచ్చింది.

ఫిబ్రవరి 28

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా రాస్తున్నాను. సంతోషంతోనే.

ఈరోజు చీటీ రోజు. నెలనెలా అందరం వేసుకుని, మొత్తం ఒకరు ఎత్తుకునే చీటీ. వరస మొదట్లోనే తీసి పెట్టుకున్నాం. మా చీటీకి ఒక కట్టుబాటు ఉంది. ఎత్తుకున్నవాళ్ళు దేనికోసమో అందరి ముందూ చెప్పాలి, పని అయ్యాక అది అందరికీ చూపించాలి. ఒకామె ఫ్రిజ్ కొంటే అందరం వాళ్ళింటికి పోయి ఒక్కొక్కరం తలుపు తీసి, వేసి వచ్చాం. మైకు ఇంటికప్పు వేయించుకుంటే వాన కోసం ఎదురుచూసి, పడగానే పోయి దాని కింద నిలబడ్డాం. చూపిస్తే గానీ ఎవరికీ తృప్తి ఉండదు.

ఈ నెల వంతు పెద్దక్కది. పళ్ళ సెట్టు కోసం. ముందు పళ్ళు పోయి ఏడాది దాటింది. రొట్టె టీలో ముంచుకుని తింటుంది, నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. నా వంతు చాలా వెనక. బడి వాళ్ళు మొదటి వాయిదా వచ్చే నెలే కట్టమంటున్నారని నేను ఎవరికీ చెప్పలేదు. మైకు చెవిన మాత్రం వేశాను. అంటే అందరికీ చెప్పినట్టే.

డబ్బు చేతిలో పెట్టబోతే పెద్దక్క తీసుకోలేదు. "దీనికివ్వండి. పాప బడి కోసం. నా వంతు ఇది తీసుకుంటుంది, దీని వంతు నేను తీసుకుంటాను" అంది.

"అక్కా, నీ పళ్ళు" అన్నాను.

"యాభై ఏళ్ళు నమిలాను. దవడలకి కాస్త విశ్రాంతి ఇస్తాను" అంది, కొంగు అడ్డం పెట్టుకుని.

ఎవ్వరూ కాదనలేదు. మైకు అప్పుడే ప్రకటించేసింది, పెద్ద గేటు బడి యూనిఫాంలో పిల్లని తెచ్చి చూపించాలని, టై కూడా ఉండాలని. నేను పెద్దక్క చెయ్యి పట్టుకున్నాను. నాలాంటి వాగుడుకాయకి మాట రాకపోవడం ఇదే మొదటిసారి.

డబ్బు బట్టల పెట్టెలో చీరల అడుగున పెట్టాను. నా సొంత అక్కచెల్లెళ్ళు ఇంత చేసేవారా? నాకు అక్కచెల్లెళ్ళు లేరనుకో.

మార్చి 3

లెక్క కుదిరింది. చీటీతో మొదటి వాయిదా. మా ఆయన ఆదివారాల పనితో రెండోది. నేను సాయంత్రం షిఫ్టు చేసి పైన ఓవర్‌టైమ్ చేస్తే మూడోది. నేను ఇంటికి వచ్చేసరికి పిల్ల పడుకుని ఉంటుంది. పక్కింటావిడ చూస్తానంది, ఆ తలుపు సంగతి మనసులో పెట్టుకోకుండా. మంచిదే.

ఏడాది కష్టపడితే అలవాటైపోతుంది.

మార్చి 5

ఓవర్‌టైమ్ మొదలుపెట్టాను, అలవాటు కోసం. పేజీ అడుగున నడుం నొప్పికి పూత మందు. ఈ డైరీ వేసినవాడు నన్ను ఎరిగినవాడే.

మార్చి 9

ఎందుకమ్మకి కొంచెం జ్వరం. ఏం లేదు.

మార్చి 14

పెద్ద గేటు బడికి వెళ్ళాం, ముగ్గురం. మా ఆయన గేటుని ఒకసారి చేత్తో తట్టి లోపలికి వచ్చారు. నేల తళతళ. ప్రతి గదికీ ఫ్యాన్లు, పుస్తకాల బీరువాలు. ఇలాంటి చోట కూర్చుని చదువుకునే పిల్లలు ఎంత అదృష్టవంతులో అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

పెద్ద మేడం తన గదిలోకి పిలిచింది. సన్నగా, నెరిసిన జుట్టు, మాట మెత్తన. చేర్చుకునే ముందు పిల్లలు చదువుతుంటే వినడం అలవాటట. ఎందుకమ్మకి ఎప్పుడూ చూడని పుస్తకం ఇచ్చింది. పేజీ మీద ఒక తాత, గొడుగు, కుక్క ఉన్నాయి. కింద నాలుగైదు వాక్యాలు.

ఎందుకమ్మ పుస్తకం పట్టుకుంది. కాసేపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత మొదలుపెట్టింది. "అనగనగా ఒక తాత. ఆ గొడుగు తాతది కాదు, కుక్కది. కుక్కకి వానంటే భయం. కానీ దానికి చేతులు లేవు కదా, అందుకని తాతని పనికి పెట్టుకుంది. నెల జీతం ఇస్తుంది." గొంతు మార్చి మార్చి చెప్పింది. తాత జీతం పెంచమన్నాడు. కుక్క ఆలోచిస్తానంది. మా ఆయన నవ్వారు. నేను కూడా నవ్వబోయాను.

మేడం చివరిదాకా విని, "కథ చాలా బాగుందమ్మా. కానీ అది ఈ పేజీలో లేదు" అంది.

పిల్ల తల దించుకుంది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, దాని అంచు బల్ల అంచుకి సరిగ్గా ఆనించింది. నాకు గుండెల్లో రాయి పడ్డట్టయింది. పడటం కాదు, ఎప్పటినుంచో ఉన్న రాయి కదిలింది.

పిల్లని బయట మా ఆయనతో కూర్చోబెట్టి మేడం నాతో మాట్లాడింది. "చేర్చుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఒక తరగతి వెనక్కి వేస్తాం. కానీ మా దగ్గర పాఠాలు పరుగెడతాయమ్మా. అక్షరాలు కుదురుకోని పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పే మనిషి మా బళ్ళో లేరు. బయట ట్యూషన్ పెట్టించుకోమంటాం. డబ్బు కట్టించుకున్నాక ఈ మాట చెప్పడం నాకిష్టం లేదు. ఇప్పుడు చదువుతున్న బడిలో ఎవరూ ఏమీ చెప్పలేదా?"

"లేదండీ" అన్నాను.

మార్చి 15

చెప్పింది. టీచరు చెప్పింది. ఫిబ్రవరి ఆరో తారీఖున ఆ పొట్టి కుర్చీలో నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "అమ్మా, పాపకి చదవడం రావట్లేదు. నేను పాఠం చెప్తుంటే విని మొత్తం గుర్తుపెట్టుకుంటుంది. చాలా తెలివైంది, అందుకే ఇన్నాళ్ళు నేనూ పోల్చుకోలేదు. అక్షరాలు దాని కంటికి నిలబడటం లేదు. మన బడికి వారానికి రెండు రోజులు ఒక టీచరు వస్తారు, ఇలాంటి పిల్లల కోసమే. మీరు సరేనంటే అక్కడ కూర్చోబెడతాను."

నేను సరేననలేదు. మా పిల్ల మీద ముద్ర వేయొద్దని చెప్పి లేచి వచ్చేశాను. "నలభై మందిని పెట్టుకుని మీకు నేర్పడం చేతకాక" అని కూడా అన్నాను.

ఇన్నాళ్ళూ ఆ మాట రాయకపోతే అది లేనట్టేనని అనుకున్నాను కాబోలు. పేజీ తిప్పలేదని నేనే రాసుకున్నాను, ఉత్సాహమని నేనే రాసుకున్నాను. నా మొహం మండ.

మార్చి 16

రాత పని లేదు. ఏం రాయాలి?

మార్చి 18

ఓవర్‌టైమ్ మానేసి బడికి వెళ్ళాను. క్షమించమని ఎలా అడగాలో బస్సులో అనుకుంటూ వెళ్ళాను. బడి వదిలేశారు. అయినా గదిలో టీచరు ఉంది, ఆవిడ పక్కన మా ఎందుకమ్మ. ఇంటికి పక్కింటి పిల్లలతో కాస్త ఆలస్యంగా వస్తోందని విన్నాను, ఆడుకుంటోందేమో అనుకున్నాను.

"వారానికి రెండు రోజులు వచ్చే రెండో టీచరు దగ్గర కూర్చోబెట్టడానికి మీరు ఒప్పుకోలేదు కదమ్మా. అందుకని నా దగ్గరే కాసేపు కూర్చోబెట్టుకుంటున్నాను. నాకు ఆ పద్ధతులు పూర్తిగా రావు. ఆవిడని అడిగి కొంచెం కొంచెం చెప్తున్నాను" అంది.

నేను ఏమన్నానో తెలియదు. క్షమించండి అనే ఉంటాను. ఆవిడ నీళ్ళు తాగమని సీసా ఇచ్చింది. ఇన్ని మాటలు పడి ఎవరైనా పరాయి పిల్లకోసం బడి వదిలాక కూర్చుంటారా? ఇంట్లో ఆవిడ కోసం ఎవరు ఎదురుచూస్తున్నారో నేను ఎప్పుడైనా అడిగానా?

పెద్ద గేటు బడి సంగతి కూడా చెప్పేశాను. దాన్ని తిట్టలేదు ఆవిడ. "మంచి బడే. మా అన్నయ్య కొడుకు అక్కడే చదివాడు. చదవడం కుదిరాక మీకు ఇష్టమైతే పంపండి. ఇప్పుడు మాత్రం దీనికి కావలసింది ఇక్కడ ఉంది. సగం ఇక్కడ, సగం మీ దగ్గర" అంది. రోజూ ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలట, కాసేపే అయినా, పిల్ల అలిసిపోకముందు. అది తడుముకుంటుంటే ఆగాలట. మాట అందించకూడదట.

"మీకది కొంచెం కష్టం" అంది నవ్వి. నా నోటి సంగతి ఆవిడకి తెలిసిందే కదా.

మార్చి 19

మా లెక్కలో తప్పు ఎక్కడుందో ఇవాళ దుప్పట్లు మడుస్తుంటే తెలిసింది. పెద్ద గేటు బడికి డబ్బు కట్టాలంటే నేను సాయంత్రాలు ఇంట్లో ఉండకూడదు. పిల్లకి చదువు రావాలంటే సాయంత్రాలు ఇంట్లో ఉండాలి. ఇంత చిన్న సంగతి.

మార్చి 22, ఆదివారం

మా ఆయన పనికి వెళ్ళబోతుంటే ఆపి అంతా చెప్పాను. ఆయన మెట్టు మీద కూర్చున్నారు. చాలాసేపటికి, "బండి మీద వెళ్తుంటే ప్రతి బోర్డూ ఏం రాశారు నాన్నా అని అడిగేది. నా గొంతంటే ఇష్టమనుకున్నాను" అన్నారు.

ఇంకాసేపటికి కళ్ళు తుడుచుకుని, "గొంతన్నా ఇష్టమే అయి ఉంటుందిలే" అన్నారు. ఆదివారం పనికి వెళ్ళలేదు. పిల్లని బండెక్కించుకుని తిప్పుకొచ్చారు. బోర్డులన్నీ చదివి వినిపించారట, అడగకపోయినా.

ఈ మనిషి నాకు దొరకడం నా అదృష్టం. ఎప్పుడూ రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మార్చి 23

బడి మార్చట్లేదు. నిర్ణయం అయిపోయింది. రెండో టీచరు దగ్గర కూర్చోబెట్టమని టీచరుకి కూడా చెప్పేశాను. మనసు కుదుటపడింది.

ఇక చీటీ.

మార్చి 24

ఈరోజు చెప్పాలనుకున్నాను. షీట్లు ఎక్కువగా వచ్చాయి.

మార్చి 25

మైకు యూనిఫాం కుట్టడానికి ఇచ్చావా అని అడిగింది. ఇచ్చానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

మార్చి 26

పెద్దక్క మధ్యాహ్నం రొట్టె టీలో ముంచుకుంటుంటే చూడలేక బయటికి వచ్చి కూర్చున్నాను. ఇంకో దారి కూడా తోచింది. వాళ్ళు ఇంత ప్రేమగా ఇచ్చారు కాబట్టి పెద్ద గేటు బడిలోనే వేసేస్తే? ట్యూషన్ పెట్టిస్తే? వాళ్ళ మాట పోకుండా ఉంటుంది, నా ముఖం చెల్లుతుంది. ఒక పూటంతా నిజంగానే అలా అనుకున్నాను. పిల్ల చదువు కోసం ఇచ్చిన డబ్బు, పిల్ల చదువు చెడినా సరే, ఇచ్చిన చోటే ఖర్చు పెట్టాలని.

కృతజ్ఞత మనిషి చేత ఇంత తెలివితక్కువ పని కూడా చేయిస్తుందా?

మార్చి 28

చెప్పాను.

ఆపరేషన్ గది షీట్లు, పెద్దవి, ఆకుపచ్చవి. మూలలు కలిసినప్పుడల్లా ఒక ముక్క చెప్పాను. మొదటిసారి, "అక్కా, పిల్ల పెద్ద గేటు బడికి వెళ్ళట్లేదు." దూరం నడిచాం. రెండోసారి, "దానికి చదవడం రాదు. ఆ రోజు చదివింది కంఠతా." మళ్ళీ దూరం. మూడోసారి, "నాకు ముందే తెలుసు. టీచరు చెప్పింది. దాచాను. నాకు నేనే దాచుకున్నాను." ఆమె షీటు బల్ల మీద పెట్టి ఇంకోటి తీసింది. యంత్రం రొదలో నా గొంతు వినిపించిందో లేదో అనుకున్నాను.

ఆ షీటు మూలలు కలిసినప్పుడు ఆమె వదల్లేదు. నా చేతులు, షీటు, అన్నీ కలిపి పట్టుకుంది. "ఆ రోజు పేజీ తిప్పలేదని నేను చూశాను" అంది.

"తెలిసి ఇచ్చావా అక్కా?"

"తెలిసే ఇచ్చాను. చదవడం వచ్చిన పిల్లకి ఏ బడైనా ఒకటే. రాని పిల్లకే కదా మంచి బడి కావాల్సింది. పెద్ద బడి అయితే నేర్పుతారేమో అనుకున్నాను. నేర్పేవాళ్ళు ఇక్కడే ఉన్నారంటే ఇంకా మంచిది." కాస్త ఆగి, కోపంగానే అంది. "నేను బడికి ఇచ్చానా? నీకిచ్చాను. నాకు చెప్పడానికి ఇన్ని రోజులు పట్టిందేం?"

నాకు ఏడుపు ఆగలేదు. షీటుతో తుడుచుకోబోతే లాక్కుంది. ఉతికింది మళ్ళీ ఉతకాలి కదా.

మార్చి 29

భోజనాల దగ్గర అందరికీ చెప్పాను. డబ్బు సంచీ బల్ల మీద పెట్టాను. మైకు లేచి వెళ్ళిపోయింది. నేను యూనిఫాం కుట్టిస్తున్నానని అబద్ధం చెప్పిందీ ఆమెతోనే, ఆమె అది అందరికీ చాటిందీ నిజమే. ఆమె కోపం న్యాయమైనదే.

తర్వాత ఒకామె, "మా చిన్నాడూ అంతే. ఐదో తరగతి దాకా మేం పోల్చుకోలేదు. ఇప్పుడు వెల్డింగ్ షాపు వాడిదే, లెక్కలన్నీ వాడే రాస్తాడు" అంది. ఇంకొకామె ఆ రెండో టీచరు ఏయే రోజులు వస్తుందో అడిగింది. మెల్లగా అడిగింది, ఎవరికీ వినపడకుండా. ఆమె మనవడు మా ఎందుకమ్మ తరగతే.

డబ్బు పెద్దక్కకి ఇచ్చాం. ఈసారి తీసుకుంది.

ఏప్రిల్ 2

మైకు నాతో మాట్లాడట్లేదు. లాండ్రీ ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. సూపర్‌వైజరు యంత్రం చెడిపోయిందేమోనని చూసి వెళ్ళాడు.

ఆయన్నే అడిగాను, నన్ను పొద్దుటి షిఫ్టులో ఉంచమని, ఓవర్‌టైమ్ వద్దని. జీతం తగ్గుతుందన్నాడు. తెలుసన్నాను. "మా ఆవిడ కూడా మా వాడి కోసం ఇలాగే మానేసింది" అని నా పేరు పొద్దుటి షిఫ్టు పట్టీలోకి మార్చి రాశాడు.

ఏప్రిల్ 4

ఎందుకమ్మతో చెప్పాను, వచ్చే ఏడాది కూడా ఇదే బడి అని. "ఎందుకు?" అంది. మొట్టమొదటిసారి దాని ప్రశ్నకి నా దగ్గర నిజమైన జవాబు ఉంది. చెప్పాను. మీ టీచరుగారు నీకు చదవడం నేర్పుతారు, నేను పక్కన కూర్చుంటాను అని. అది కాసేపు ఆలోచించి, "మరి నాకు రాదని నీకు తెలిసిపోయిందా?" అంది.

తెలిసిపోయిందన్నాను. అది ఊపిరి వదిలింది, బరువు దించుకున్న కూలీలాగా. ఏడేళ్ళ పిల్ల ఒక్కతే ఇంత మోసిందా?

ఏప్రిల్ 10

మైకు మాట్లాడింది. "ఆ యూనిఫాం లేకపోతే పోయె. సర్కారు బడి యూనిఫాంలోనే తీసుకురా, మేం చూడాలా వద్దా?" అంది. లాండ్రీ అంతా వినపడింది. హమ్మయ్య.

ఏప్రిల్ 19

పెద్దక్క పళ్ళు పెట్టించుకుని వచ్చింది. కట్టుబాటు ప్రకారం అందరి ముందూ నిలబడి చూపించాలి. సిగ్గుపడి నోరు తెరవలేదు. మైకు ఒక ఆపిల్ తెచ్చి చేతిలో పెట్టింది. పెద్దక్క అటు తిరిగి కొరికింది. ఆ చప్పుడికి అందరూ కేకలు. ఎన్నాళ్ళకో కొంగు అడ్డం లేకుండా నవ్వింది. పళ్ళు కాస్త ఎక్కువ తెల్లగా ఉన్నాయి. అందంగా ఉంది. ఆమెకి ఆ మాట చెప్పాను కూడా.

నాకు నా వంతు చీటీ ఎప్పటిలాగే చివర్లో వస్తుంది. దాన్ని ముట్టుకోకుండా దాచమంటున్నారు మా ఆయన. ఆరో తరగతికి ఏ బడి అనేది అప్పుడు ఆలోచిద్దాం, అప్పటికి ఎందుకమ్మనే అడుగుదాం అన్నారు. సరేనన్నాను.

మే 8

రోజూ సాయంత్రం కూర్చుంటున్నాం. ఏడుపులు, అలకలు, పుస్తకం మంచం కిందకి విసరడాలు. నా తలప్రాణం తోకకి వస్తోంది. రెండో టీచరు ఇసుకలో వేలితో అక్షరాలు రాయించమంది, రాయిస్తున్నాం. గుమ్మం ముందంతా ఇసుక. పక్కింటావిడ ఒక చీపురు తెచ్చిచ్చింది, ఏమీ అనకుండా. ఆవిడక్కూడా థాంక్స్.

నిన్న ఒక మాట నేను అందించేశాను. అలిగి వెళ్ళిపోయింది.

జూన్ 14

టీచరుగారు ఇచ్చిన కొత్త పుస్తకం. ఎవరూ చదివి వినిపించలేదు, నేనూ వినిపించలేదు. ఎందుకమ్మ గుమ్మంలో నా ఒళ్ళో కూర్చుని మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. మొదటి మాట కూడబలుక్కుంది. రెండోదీ వచ్చింది. మూడో మాట దగ్గర ఆగిపోయింది. వేలు వెనక్కి తెచ్చింది, మళ్ళీ ముందుకి జరిపింది. అక్షరం అక్షరం పెదాలు కదిపింది. అది నా నాలిక చివర ఉంది. ఎంత తేలికైన మాటో. నేను నోరు తెరిచానని నాకే తెలియదు.

దాని రెండో చెయ్యి వెనక్కి వచ్చి నా నోరు మూసింది. కళ్ళు పుస్తకం మీంచి తీయలేదు. "నువ్వు చెప్పకు" అంది.

నేను ఊపిరి కూడా మెల్లగా పీల్చాను. వీధిలో ఎవరో బండి ఆపారు, ఎవరినో పిలిచారు. అది వినలేదు. మూడో మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది, తర్వాత ఒక్కటిగా వచ్చింది. ఆ తర్వాతి మాట. ఆ వాక్యం అయిపోయింది.

నాకు కళ్ళ నిండా నీళ్ళు. ఏదైనా అనాలని ఉంది. అది నా నోటి మీద చెయ్యి తీయకుండానే రెండో వాక్యం మొదలుపెట్టింది.